ఖాళీగా ఉన్నారుగా!

"ఈ తొమ్మిదేళ్ళూ ఏం చేశారు?"

2016లో, న్యూజెర్సీలో, ఒక ఉద్యోగం కోసం వెళ్తే నన్నడిగిన మొదటి ప్రశ్న ఇది. అడిగినతను మర్యాదగానే అడిగాడు. నా బయోడేటాలో హైదరాబాదు ఉద్యోగం 2007 దగ్గర ఆగిపోయింది. ఆ తర్వాతంతా తెల్లకాగితం. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ఏం చెయ్యలేదు, ఇంట్లోనే ఉన్నాను" అనేశాను.

ఆ ఉద్యోగం రాలేదు. దానికంత బాధపడలేదు. బయటికొచ్చి బ్యాగు పెడదామని కారు డిక్కీ తెరిచాను. అందులో ప్రథమ చికిత్స పెట్టె, రెండు టార్పాలిన్లు, ముడులు నేర్పటానికి కోసి ఉంచిన తాళ్ళ కట్ట, 14 మంది పిల్లల అనుమతి పత్రాల ఫైలు, ఎవరికి వేరుశనగ పడదో ఎవరికి పాలు పడవో రాసిన జాబితా ఉన్నాయి. అప్పటికి రెండేళ్ళుగా నేను మా ఊళ్ళో ఒక అమ్మాయిల దళం నడుపుతున్నాను. (సంఘం పేరు రాయను. ఏ పేరున్నా కథ ఇదే.) లోపల "ఏం చెయ్యలేదు" అని చెప్పింది ఎవరో కాదు, నేనే. ఆ మాట నా నోట్లోంచి అంత తేలిగ్గా ఎలా వచ్చిందా అని అప్పట్నించీ ఆలోచిస్తూనే ఉన్నాను.

మా అమ్మాయి ఒకటో తరగతిలో ఉండగా ఆ దళంలో చేరుస్తానని వెళ్ళాను. "చోటుంది, కానీ నడిపేవాళ్ళు లేరు. ఎవరో ఒక అమ్మ ముందుకు రాకపోతే ఈ పిల్లలందరూ వెనక్కి పోవాల్సిందే" అన్నారు. గదిలో పన్నెండు మంది తల్లులం, ఇద్దరు తండ్రులు ఉన్నాం. ఆ ఇద్దరూ తమ ఫోన్లు చూసుకుంటున్నారు. తల్లులం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. "మీరు ఇంట్లోనే ఉంటారుగా, ఖాళీయేగా" అందొకావిడ నాతో. నిజమే, ఖాళీయే! అలా నేను 'స్వచ్ఛందంగా' ముందుకొచ్చాను.

శనివారం పొద్దున రెండు గంటలు. అందరికీ కనపడేది అంతే. ఆ రెండు గంటల వెనక ఏముందో చెప్పాలంటే ముందు నాకు నేరచరిత్ర లేదని తనిఖీ, ప్రథమ చికిత్స శిక్షణ, పిల్లల రక్షణ మీద శిక్షణ. చర్చి కింది హాలు మాట్లాడుకోవటం, దాని తాళంచెవి తేవటం, మళ్ళీ ఇవ్వటం. 14 ఇళ్ళకి మెయిళ్ళు, జవాబివ్వని తొమ్మిది ఇళ్ళకి మళ్ళీ మెయిళ్ళు. ఖర్చుల కోసం పిల్లలు షాపు ముందు బల్ల వేసుకుని తినుబండారాలు అమ్మితే ఆ డబ్బుకి సెంటుతో సహా లెక్క. ఇక క్యాంపు వెళ్తే ఎవరు చీకటికి భయపడతారు, ఎవరు పక్క తడుపుతారు, ఎవరింట్లో గొడ్డుమాంసం తినరు, ఎవరింట్లో పందిమాంసం తినరు, అన్నీ నా బుర్రలోనే ఉండాలి.

ఒకసారి క్యాంపులో రాత్రి ఒంటిగంటకి ఒక పదకొండేళ్ళ పిల్ల నన్ను లేపింది. గుడారంలోనే మొదటిసారి బహిష్టయింది. ఇంటికి తీసుకుపొమ్మని ఏడుపు. తక్కిన పిల్లలకి తెలియకుండా బట్టలు మార్పించి, వేడినీళ్ళు పెట్టి, ఇది జబ్బు కాదనీ, సిగ్గుపడే పనీ కాదనీ చెప్తూ తెల్లారేదాకా పక్కన కూర్చున్నాను. పొద్దున్నే ఆ పిల్ల మిగతావాళ్ళతో కలిసి మంట వెలిగించింది. ఆ రాత్రిని బయోడేటాలో ఏ గడిలో రాయాలి?

నా పరిస్థితిలో ఇంకో విచిత్రం ఉంది. నేనక్కడికి వెళ్ళింది హెచ్-4 వీసా మీద. అంటే హెచ్-1బి మీద పనిచేసే మనిషి భార్యగా. (భర్తలూ ఉంటారు గానీ, మన దేశం నుంచి ఆ వీసా మీద వెళ్ళినవాళ్ళలో అత్యధికులు ఆడవాళ్ళే. వాళ్ళలో ఇంజనీర్లు, డాక్టర్లు, లెక్చరర్లు కొల్లలు.) ఆ వీసా మీద జీతానికి పనిచెయ్యకూడదు. 2015 మే 26 నుంచి మాత్రం, గ్రీన్‌కార్డు దారిలో భర్త దరఖాస్తు కొంతదూరం నడిచిన కొందరికి పని అనుమతి ఇవ్వటం మొదలుపెట్టారు. నాకది 2016లో వచ్చింది. అంతకుముందు మాకు ఉన్న దారల్లా సేవ. అందులోనూ ఒక మెలిక ఉంది. మామూలుగా జీతమిచ్చి చేయించుకునే పనిని మేం ఊరికే చెయ్యకూడదు, అది ఇంకొకరి ఉద్యోగానికి ఎసరు కాబట్టి. అంటే నేను చేసే పనికి ఎవరికీ జీతం ఇవ్వరని ఖాయమైతేనే ఆ పని చేసే హక్కు నాకుంది! ఇంటి చాకిరీకి విలువ కట్టరని మనం చాలా ఏళ్ళుగా అంటూనే ఉన్నాం. విలువ కట్టకపోవటాన్ని చట్టమే షరతుగా పెట్టటం నేనక్కడ చూశాను.

సరే, వీసా గొడవ నాలాంటి వాళ్ళది. అక్కడే పుట్టి పెరిగిన ఆడవాళ్ళకి ఏ అనుమతులూ అక్కర్లేదు కదా! వాళ్ళ సంగతీ చూద్దాం. అమెరికా కార్మిక గణాంక శాఖ 2015 లెక్కల ప్రకారం ఏదో ఒక సంస్థకి జీతం లేకుండా పనిచేసినవాళ్ళు ఆడవాళ్ళలో 27.8 శాతం, మగవాళ్ళలో 21.8 శాతం. తేడా మరీ ఎక్కువేం కాదే అనిపిస్తుంది. కానీ ఎవరు ఏ పని చేశారని కూడా అడిగారు. మగవాళ్ళు ఎక్కువగా చెప్పినవాటిలో ఆటల కోచింగు ఉంది. ఆడవాళ్ళు ఎక్కువగా చెప్పినవాటిలో వంటా వడ్డనా, చదువు చెప్పటం, చందాలు పోగుచెయ్యటం ఉన్నాయి. మా ఊరి మైదానంలో ఇది కళ్ళకి కట్టినట్టు కనిపిస్తుంది. తండ్రి మెడలో ఈల, చొక్కా మీద 'కోచ్' అన్న అక్షరాలు. గీత బయట తల్లి చేతిలో నారింజ తొనల డబ్బా. ఆమెని 'స్నాక్ మామ్' అంటారు. ఇద్దరూ వచ్చింది ఒకే ఆటకి, ఇద్దరికీ జీతం లేదు. ఏడాది చివర పిల్లలందరూ సంతకాలు చేసిన బంతి మాత్రం ఈలకే దక్కుతుంది.

ఈ పంపకం ఇవాళ్టిది కాదు. 1909లో లండన్ క్రిస్టల్ పాలెస్‌లో స్కౌట్ల సమ్మేళనం జరిగితే కొంతమంది అమ్మాయిలు పిలవకుండానే వచ్చి మేమూ స్కౌట్లమే అన్నారు. మరుసటేడు బేడెన్ పోవెల్ వాళ్ళకి 'గైడ్స్' అని వేరే పేరు పెట్టి, చెల్లెలు ఆగ్నెస్‌కి అప్పగించాడు. అమెరికాలో అబ్బాయిల స్కౌట్ సంస్థ చిన్నపిల్లల జట్లకి 'డెన్ మదర్' అనే పదవి పెట్టింది. అంటే వారం వారం తన ఇంట్లో పిల్లల్ని కూర్చోబెట్టుకుని బొమ్మలు చేయించి, ఫలహారం పెట్టే తల్లి. ఆ పిల్లలు పెద్దయి అడవిలోకి వెళ్ళే వయసొచ్చాక నడిపే పదవి 'స్కౌట్ మాస్టర్'. దానికి మాత్రం తల్లి పనికిరాదు, మగవాడే ఉండాలి.

కాథరీన్ పొలార్డ్ అనే ఆమె కథ మీకు చెప్పాలి. కనెక్టికట్ రాష్ట్రంలో మిల్‌ఫర్డ్ అనే ఊరు. 1970ల్లో అక్కడి అబ్బాయిల దళానికి నాయకుడు దొరకలేదు. మగవాళ్ళెవరూ రాకపోతే ఆమే నడిపింది. క్యాంపులకి తీసుకెళ్ళింది, బ్యాడ్జీలు ఇప్పించింది. పని చేస్తున్నంత కాలం బానే ఉంది. ఆ పనికి తగ్గ పదవిలో నా పేరు రాయండి అని అడిగేసరికి కుదరదన్నారు. ఎదిగే మగపిల్లలకి మగ ఆదర్శం కావాలట! అంత కావాల్సిన ఆ మగ ఆదర్శాలు అప్పటిదాకా ఎక్కడున్నాయో ఎవరూ అడగలేదు. ఆమె మానవహక్కుల కమిషన్‌కి వెళ్ళింది, కోర్టుకి వెళ్ళింది. 1987లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టులో ఓడిపోయింది. మరుసటేడు, 1988లో, ఆ సంస్థే తన నిబంధన మార్చుకుంది. దేశంలో మొదటి మహిళా స్కౌట్ మాస్టర్ అయ్యేనాటికి ఆమెకి దాదాపు డెబ్భై ఏళ్ళు. చాకిరీ చెయ్యటానికి అర్హత ఎవరూ అడగరు. పదవి దగ్గరికి వచ్చేసరికే అర్హతలు గుర్తొస్తాయి.

"అమ్మాయిల దళంలోకి మగవాళ్ళం వస్తే బాగోదండీ" అనే తండ్రులు నాకు చాలామంది తగిలారు. ఈ మాటని నేను తేలిగ్గా కొట్టెయ్యను. అమెరికా బాయ్ స్కౌట్స్ సంస్థ 2020లో దివాలా పిటిషన్ వేస్తే, చిన్నప్పుడు మా మీద లైంగిక అత్యాచారం జరిగిందని 82,000 మందికి పైగా ముందుకొచ్చారు. ఆ అంకె చదివిన ఏ తల్లికైనా కడుపులో దేవినట్టవుతుంది. పిల్లల దగ్గరికి ఎవర్ని రానిస్తున్నామో వెయ్యి కళ్ళతో చూసుకోవాల్సిందే. కానీ పెద్దమనిషి ఒక్కడే పిల్లలతో ఉండటం, అతన్ని ప్రశ్నించేవాళ్ళు లేకపోవటం, సంస్థ తన పరువు కోసం నోరు మూసుకోవటం, ఇవీ అక్కడి జబ్బులు. దానికి మందు ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్ళు ఉండాలనే నియమం, తలుపులు తెరిచి ఉంచటం, తనిఖీలు. అమ్మాయిల దళమైతే ఆ ఇద్దర్లో ఒకరు ఆడమనిషి అయ్యుండాలి. రెండో మనిషి తండ్రి కాకూడదని ఎక్కడా లేదు. పైగా హాలు తాళం తేవటానికీ, లెక్కలు రాయటానికీ, మెయిళ్ళు పంపటానికీ పిల్లల దగ్గర ఉండక్కర్లేదే! 'బాగోదు' అన్నవాళ్ళెవరూ ఆ పనులకీ రాలేదు.

ఇంతవరకూ మగవాళ్ళని అన్నాను. ఇప్పుడు నా సంగతి.

2015లో మా దళంలో ఒక తెలుగమ్మాయి ఉండేది. వాళ్ళమ్మ గుంటూరు వైపు మనిషి, నాకన్నా చిన్నది. భర్త నుంచి విడిపోయి, ఒక షాపు వంటగదిలో పనిచేస్తోంది. పిల్లని దింపి వెళ్ళిపోయేది, అయిపోయాక పావుగంట ఆలస్యంగా వచ్చేది. ఫలహారాల వంతు రాసుకునే కాగితం మీద ఆమె పేరు ఎప్పుడూ కనపడదు. షాపు ముందు బల్ల దగ్గర ఉండే వంతుకి మూడుసార్లు రాలేదు. నాకు చిర్రెత్తుకొచ్చి తల్లులందరికీ ఒక మెయిల్ పెట్టాను. "మన పిల్లల కోసం నెలకి రెండు గంటలు కేటాయించలేనివాళ్ళు తల్లులుగా తమ బాధ్యత గురించి ఆలోచించుకోవాలి" అని. పేరు పెట్టలేదు. పెట్టక్కర్లేదు కదా!

మరుసటి శనివారం ఆమె కారు దిగి నా దగ్గరికొచ్చింది. కోపంగా కూడా లేదు. "శనివారం పొద్దున నాకు షిఫ్టు అక్కా. మధ్యలో ఒక అరగంట అడుక్కుని పిల్లని దింపుతున్నా. మానేస్తే ఆ రోజు డబ్బులు పోతాయి. మీరొక వారం మానేస్తే మీకేం పోద్ది?" అంది.

నా దగ్గర జవాబు లేదు. నెల తిరక్కుండా ఆ పిల్ల దళం మానేసింది. ముడులు వెయ్యటంలో అందర్లోకీ చురుకైన పిల్ల.

నేను ఆ మెయిల్ ఎందుకు రాశానో తర్వాత చాలాసార్లు తరచి చూసుకున్నాను. నాకు జీతం లేదు, హోదా లేదు, ఆ దేశంలో నా పేరు మీద ఒక్క కాగితం లేదు. 'మంచి తల్లి' అన్న బిరుదొక్కటే నా సంపాదన. దాన్ని నిలబెట్టుకోవాలంటే పక్కన ఒక 'చెడ్డ తల్లి' ఉండాలి. ఆమె దొరికింది. అదే దళంలో 13 మంది తండ్రులున్నారు, వాళ్ళలో ఏ ఒక్కరూ బల్ల దగ్గర నిలబడలేదు. వాళ్ళకి నేను మెయిల్ పెట్టలేదు. వాళ్ళ బాధ్యత గురించి ఆలోచించుకోమనాలన్న ఊహ కూడా నాకు రాలేదు. అసలు నా జాబితాలో వాళ్ళ అడ్రసులే లేవు!

2017లో నాకు ఉద్యోగం వచ్చింది. దళం వదిలెయ్యలేదు. మా ఆయన "చెయ్యలేకపోతే మానెయ్" అన్నాడు, తను చేస్తానని అనలేదు. ఆ ఏడాది క్యాంపుకి మాత్రం ఒక రాత్రి వచ్చి, మంట దగ్గర పిల్లలకి దయ్యాల కథ చెప్పి, పొద్దున్నే వెళ్ళిపోయాడు. "ఎంత మంచి నాన్నో!" అని వారం రోజులు మెచ్చుకున్నారు. కథ బాగానే చెప్పాడు లెండి, కాదనను.

2018 సెప్టెంబర్‌లో ఒక పని చేశాను. ఆ మూడు నెలలూ అన్ని మెయిళ్ళూ తండ్రులకే పంపాను. వంతులు, ఫలహారాలు, బండ్లు, అన్నీ. 14 ఇళ్ళలో ముగ్గురు తండ్రులు స్వయంగా జవాబిచ్చారు. ఎనిమిది జవాబులు తల్లుల నుంచి వచ్చాయి, కింద భర్త పంపిన మెయిల్ అలాగే ఉంది. ఒకరైతే దాని మీద 'ఇది చూడు' అని కూడా రాశారు. ఇంకొకాయన మా ఆయనకి ఫోన్ చేసి, "మీ ఆవిడ పొరపాటున నాకు పంపిస్తున్నట్టున్నారు, చెప్పండి" అన్నాడు. మా ఆయన నవ్వుతూ నాకు చెప్పాడు. నేను నవ్వలేదు. కానీ ఆ జవాబిచ్చిన ముగ్గురిలో ఇద్దరు దళం మూతపడేదాకా ఉన్నారు. ఒకాయన లెక్కలు తీసుకున్నాడు. నా లెక్కలకన్నా శుభ్రంగా ఉండేవి. ఇన్నేళ్ళూ ఆయన్ని ఎవరూ అడగలేదట!

హైదరాబాదులో ఉన్న నా స్నేహితురాలు, స్త్రీవాదంలో నాకన్నా పదేళ్ళు సీనియరు, "ఆ చాకిరీ నీకెందుకు, మానెయ్యక! ఇక్కడ మాకా గోల లేదు" అంటుంది. గోల లేకపోవటం నిజమేనా? నేను వరంగల్‌లో చదువుకునేటప్పుడు మా బళ్ళో గైడ్స్ ఉండేది. నీలం యూనిఫాం, మెడలో స్కార్ఫ్. మా హిందీ టీచరే కెప్టెన్. బడి వదిలాక సాయంత్రం దాకా మాతో ఉండేది. ఆమె కొడుకు, నాలుగేళ్ళవాడు, మెట్ల మీద కూర్చుని నిద్రపోయేవాడు. ఆ గంటలకి ఆమెకేమైనా ఇస్తున్నారా అని మాలో ఎవరికీ తోచలేదు. అక్కడ తల్లుల నెత్తిన పడ్డది ఇక్కడ టీచరమ్మల నెత్తిన పడింది. పైగా ఇవాళ ప్రతి తరగతికీ ఒక వాట్సాప్ గ్రూపు, రేపటికి థర్మోకోల్ గుడి చేసుకురావాలని రాత్రి తొమ్మిదింటికి వచ్చే కబురు. అది చదివి షాపుకి పరిగెత్తేది ఎవరు? 2019 కాలవినియోగ సర్వేలో మన దేశంలో ఇంటిపని చేసేవాళ్ళు రోజుకి దానిమీద పెట్టే సమయం ఆడవాళ్ళకి 299 నిమిషాలు, మగవాళ్ళకి 97 నిమిషాలని తేలింది. ఆ 299లో థర్మోకోల్ గుడి ఉందో లేదో మరి!

మానెయ్యమనే మాట నాకు నచ్చదు. నేను మానేస్తే ఇంకో అమ్మ తగులుకుంటుంది, లేకపోతే 14 మంది అమ్మాయిలు మంట వెలిగించటం నేర్చుకోరు. ఆ పని మంచి పని. నా జీవితంలో నేను చేసిన మంచి పనుల్లో ఒకటి. దాన్ని చిన్నచూపు చూడటం మగవాళ్ళు చేస్తున్నారు, చాలదా? ఆ పని ఎవరిదని ముందే రాసిపెట్టి ఉండటం మీదే నా తగాదా. స్వచ్ఛందం అంటే కాదనగలగాలి. షిఫ్టు ఉన్నామె కాదంటే చెడ్డతల్లి, షిఫ్టు లేనామె కాదంటే సోమరి. తండ్రి కాదనే అవసరమే రాదు, అతన్నసలు అడిగితే కదా! దరఖాస్తులో మొదటి గడి తండ్రిది కావాలి. వంతులు ఇంటికి కాదు, మనిషికి వెయ్యాలి. శనివారం రాలేనివాళ్ళకి రాత్రిపూట చేసుకునే పనివ్వాలి, అదీ లేకపోతే ఊరుకోవాలి, పిల్లని మాత్రం వదులుకోకూడదు. చేసినవాళ్ళ గంటలు రాసి, సంతకం చేసి చేతికివ్వాలి.

మా అమ్మాయికిప్పుడు పదిహేడేళ్ళు. కాలేజీ దరఖాస్తుల కోసం తను చేసిన సేవ గంటలన్నీ రాసుకుంటోంది. లైబ్రరీలో పుస్తకాలు సర్దినందుకు ఇన్ని, చిన్నపిల్లలకి లెక్కలు చెప్పినందుకు ఇన్ని. ప్రతి కాగితం మీదా ఒక పెద్దమనిషి సంతకం. పిల్లలు చేస్తే లెక్క ఉంది, దానికి విలువా ఉంది. "నీవెన్ని గంటలమ్మా?" అనడిగింది. నా దగ్గర 2014 నుంచీ అమ్మిన ప్రతి డబ్బా లెక్కా ఉంది, గంటల లెక్క లేదు.

ఈ సెప్టెంబర్‌లో మా ఊళ్ళో ఇద్దరు తల్లులు కొత్తగా దళం పెట్టుకుంటూ నన్ను సాయమడిగారు. దరఖాస్తు నేనే తయారుచేసిచ్చాను. మొదటి గడి తండ్రి మెయిల్, రెండోది తల్లిది, మూడోది ఎవరు పెంచుతున్నారో వాళ్ళది. వంతుల కాగితం మొదట తండ్రులకి వెళ్ళింది. అరగంటలో ఒకాయన దగ్గర్నుంచి మర్యాదగా జవాబొచ్చింది. "ఫలహారం ఏం తేవాలో మా ఆవిడని అడిగి చెప్తానండీ" అని. ఆవిణ్ణి అడక్కండి, మీరే చూసుకోండి, ఒక పాపకి వేరుశనగ పడదు, అంతే, అని రాశాను. ఆయనింకా జవాబివ్వలేదు.